అవతలి ఒడ్డున కొమ్ములు

ఏటి అవతల అడవిదున్నలు కొమ్ములు నూరుతున్నాయని, రేపే వాటి మీద దండెత్తాలని చిలుక పొద్దుటినుంచీ అడవంతా చాటుతోంది. ముసలి తాబేలు నీలవ్వకు ఒక సందేహం వచ్చింది.

"నువ్వు చూశావా అమ్మా?" అని చిలుకను అడిగింది.

"రాజుగారు సెలవిచ్చారు," అంది చిలుక.

రాజైన సింహాన్ని అడిగితే, "చిలుక రోజంతా చెబుతుంటే వినలేదా?" అని గద్దించింది.

అయితే ఇద్దరూ చూడలేదన్నమాట అనుకుని, నీలవ్వ ఏరు ఈదింది. అవతల దున్నలు నిజంగానే కొమ్ములు నూరుతున్నాయి. దగ్గరకు వెళ్లి, ఎందుకని అడిగింది.

"ఏం చేయమంటావు అవ్వా? రేపు మీవాళ్లు మా మీదికి వస్తున్నారట కదా! మా గోరింక చెప్పింది."

"అది చూసిందా?"

దున్నలు కొమ్ములు నూరడం ఆపాయి. వాటిలో పెద్దది, "పద అవ్వా, నేనే వచ్చి చూస్తాను," అంటూ నీళ్లలోకి దిగింది.