పుట్టుక గడి

రాక్షసులకు కోపం పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అన్న అనుమానం అప్పలస్వామిని ఏళ్లుగా వదల్లేదు. కంప్యూటర్ ఆటల కంపెనీలో పాత్రల గుణాలను పుట్టుక, పెంపకం అని రెండు గళ్లున్న చీటీల్లో రాసేది ఆయనే. ఇప్పుడు బడిలో చేరే పిల్లలకూ, ఉద్యోగులకూ అవే చీటీలు. యంత్రం రాస్తుంది, ఆయన ముద్ర వేస్తాడు. ముద్ర పడ్డాక పుట్టుక గడి ఇక మారదు.

పక్కింటి నూకాలు మనవరాలి కోపాన్ని యంత్రం పుట్టుక గడిలో రాసింది. అలాంటి పిల్లకు బడి లేదు.

“దాని మాట ఒక్కరూ వినరు తమ్ముడూ, కోపం రాదేటి? మీ రాక్షసులకైనా వస్తాది!” అంది నూకాలు.

అప్పలస్వామి సింహాద్రి అప్పన్నకు దండం పెట్టుకుని, కోపాన్ని పెంపకం గడిలోకి జరిపి ముద్ర వేశాడు. మరుక్షణమే ఆయన సొంత చీటీ తెర మీదికి వచ్చింది. పుట్టుక గడిలో ‘ద్రోహబుద్ధి’ అని కొత్తగా చేరింది, ముద్రతో సహా.

నూకాలు తెర దగ్గరికి వచ్చి అది చదివింది. “నా వల్లే కదా!”

“తల్లి లేని నా కూతురికి నీ పాలిచ్చినావు అప్పా,” అన్నాడాయన. “ముప్పై ఏళ్లకి ఆ రుణం తీరింది.”