వకుళ టీచర్ చేసిన తప్పు

కాస్త ఆగండి, ఈ ఒక్క సంగతీ విని వెళ్దురుగాని. టీచర్లు ఆ రోజు క్లాసులో ఏం జరిగిందో బ్లాగులో రాసి పడుకుంటే, అది మిగతా టీచర్లందరికీ కలలో వచ్చే కాలం అది. సీలేరులో ఒకావిడ చెప్పిన భిన్నాల పాఠం ఒంగోల్లో ఇంకొకాయన నిద్రలోకి చేపపిల్లలా ఈదుకుంటూ వచ్చేది. తెల్లారేసరికి ఆయనకూ ఆ పాఠం చెప్పడం వచ్చేసేది.

ఆ రోజు కాకినాడలో వకుళ టీచర్ బోర్డు మీద ఏడెనిమిదులు యాభై నాలుగు అని పొరపాటున రాసేసింది. బళ్లో చేరి రెండేళ్లయినా నోరు విప్పని నీలోఫర్ మెల్లగా లేచి, "యాభై ఆరు కదా టీచర్" అంది. క్లాసంతా తిరిగి చూసింది.

బెల్లు కొట్టాక ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగింది. "నిజంగానే మర్చిపోయారా? నన్ను మాట్లాడించడానికి కాదుగా?"

"నిజంగానే మర్చిపోయాను తల్లీ."

నీలోఫర్ మొహం విచ్చుకుంది. "అయితే రేపట్నుంచి నేను చూస్తుంటాలెండి. మీకు ఎక్కాలు సరిగా రావు."

స్టాఫ్‌రూంలో ఇది విన్న సైన్సు మాస్టారు విమలానందం, "ఇంకా రాయలేదేంటమ్మా? నా క్లాసులో నలుగురు మూగనోము పట్టి కూర్చున్నారు. కలలో వస్తే ఎలాగో నేర్చుకుని, రేపు నేనూ కావాలనే ఓ తప్పు రాస్తా" అన్నారు.

వకుళ బ్లాగు తెరిచింది. రాస్తే రేపు లక్ష బోర్డుల మీద లక్ష తప్పులు పూస్తాయి, ఎక్కడెక్కడి పిల్లలో నోరు విప్పుతారు. కానీ నీలోఫర్ క్లాసుకీ సైన్సు చెప్పేది ఆ మాస్టారే; ఆయన నాటకాన్ని ఆ పిల్ల ఇట్టే పసిగడుతుంది, తన టీచర్ చేసిందీ నాటకమే అనుకుంటుంది, మళ్లీ మాట్లాడదేమో.

మీరైతే రాస్తారా?