రెండో ప్రింటు దండగ

“పేరు కింద రెండు తేదీలు వెయ్యాలి మేడమ్. పుట్టింది, పోయింది,” అన్నాడు అల్లుడు గొంతు తగ్గించి.

లెన్సు తుడుస్తున్న ఫొటోగ్రాఫరు చెయ్యి ఆగిపోయింది. తెర వెనక అద్దం ముందు అతని మామగారు స్టూడియో కోటు తొడుక్కుంటూ సన్నగా ఈల వేస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి. మూడంతస్తుల మెట్లెక్కి వచ్చినా ఆయనకి ఆయాసం లేదు. రొప్పింది అల్లుడే.

“పాస్‌పోర్టుకని కదండీ చెప్పారు?”

“అది ఆయనకి చెప్పింది. మీరు చెయ్యాల్సింది పన్నెండు పద్దెనిమిది సైజు. వెనక లేత నీలం. ముడతలు కాస్త తగ్గించండి. గోడకి పెడితే నలుగురూ చూస్తారు.”

“పోనీ, ఆ రెండో తేదీ ఇప్పటికి ఖాళీగా వదిలేస్తాను…”

“వదిలేస్తే మళ్ళీ ఇంకో ప్రింటు కదా! దండగ. శుక్రవారం తేదీ వేసెయ్యండి.”

“ఏ శుక్రవారం?”

“వచ్చే శుక్రవారం. ఆ తర్వాత ఇల్లంతా చుట్టాలుంటారు, నాకు తీరిక దొరకదు.”

కూరగాయలు తూకం వెయ్యమన్నంత మామూలుగా అన్నాడా మాట. పొదుపరులు చాలామందిని చూసిందామె. రెండు ఫొటోలకి ఒకే చొక్కా సర్దుకునేవాళ్ళనీ, చిన్న ప్రింటు తీసుకుని ఫ్రేము కడితే పెద్దగా కనబడదా అని అడిగేవాళ్ళనీ చూసింది. చావు తేదీ దగ్గర కక్కుర్తి పడేవాణ్ణి మాత్రం ఇదే చూడటం.

నిజానికి పొదుపులో ఆమె కూడా తక్కువ తిన్నదేమీ కాదు. ఇంట్లో ముందుగదినే స్టూడియో చేసుకుంది. అందులో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. కెమెరా మూడు చేతులు మారి వచ్చింది. లైట్ల బదులు పెద్ద కిటికీ, మొహం మీద నీడ పోగొట్టడానికి దానికెదురుగా ఒక థర్మాకోల్ అట్ట. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు డబ్బు కట్టకుండా దొరికేది. నెలనెలా అద్దె గుంజే సాఫ్ట్‌వేర్లు చేసే పనంతా దానితోనే చేయించేది. ఆ గొప్ప వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకోకపోతే ఆమెకి తోచదు. ఇతనికీ రాగానే చెప్పేసింది.

“ఏమీ అనుకోకండి. సాఫ్ట్‌వేరు మొరాయిస్తోంది. ఇంకో స్టూడియో చూసుకోండి.”

“పావుగంట కిందటేగా, ఊరికే వచ్చినా రాజాలా పనిచేస్తుందన్నారు?”

ఆమె నాలుక కరుచుకుంది. అతను నవ్వుతూ లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు.

“గాలికి కొట్టుకుంటోంది,” అన్నాడు.

గాలి ఎక్కడా లేదు. కిటికీ పరదా కదలనైనా కదల్లేదు.

మామగారు బయటికొచ్చి స్టూలు మీద కూర్చున్నారు. అల్లుడు ఎంతో ప్రేమగా ఆయన కాలరు సర్దాడు, భుజం మీద వెంట్రుక తీసి పారేశాడు.

“కాస్త ప్రశాంతంగా పెట్టండి మావయ్యగారూ మొహం.”

“పాస్‌పోర్టుకి అంత ప్రశాంతత ఎందుకండీ అల్లుడుగారూ?”

“ఫొటో కలకాలం ఉండిపోతుంది కదండీ.”

ఆమె బటన్ నొక్కింది. మొదటిది కదిలిపోయింది, రెండోదీ కదిలిపోయింది. మూడోది ఎలాగో నిలిచింది. అంతలో అల్లుడి ఫోను మోగింది. అతను పేరు చూసి మొహం చిట్లించి, గడియ తీసి బయట మెట్ల మీదికి వెళ్ళాడు.

ఆమె ఒక్క ఉదుటున పెద్దాయన ముందు కూర్చుని, కోటు గుండీ సర్దుతున్నట్టు నటించింది.

“బాబాయిగారూ, ఈయనతో ఇంటికి వెళ్ళకండి. ఇది పాస్‌పోర్టు ఫొటో కాదు. వచ్చే శుక్రవారం మీరు పోయినట్టు తేదీ వెయ్యమన్నాడు. వంటగదిలోంచి వెనక మెట్లున్నాయి. పదండి, పోలీసు స్టేషనుకి నేనూ వస్తాను.”

పెద్దాయన కంగారు పడలేదు. కొలత విన్న దర్జీలా తల పంకించారు.

“శుక్రవారమేనా? సరిగ్గా విన్నావా?”

“నా చెవులతో విన్నానండీ! ముందు లేవండి.”

“మంచిపిల్లవమ్మా. ఇంట్లోవాళ్ళే చెప్పని మాట నువ్వు చెప్పావు,” అంటూ ఆమె చెయ్యి నిమిరారు. “శుక్రవారమైతే ఇంకా టైముంది.”

“టైమేంటండీ, మీ ప్రాణం పోయేలా ఉంటే!”

తలుపు తోసుకుని అల్లుడు లోపలికొచ్చాడు. ఆమె గబుక్కున మళ్ళీ గుండీ పట్టుకుంది. అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“ఏంటి, గుండీ ఊడిందా?”

“బిగుతుగా ఉందండీ. నాకంటే మీకే నప్పుతుంది ఈ కోటు,” అంటూ మామగారు లేచి, కోటు విప్పి అల్లుడి భుజాల మీద వేశారు. “ఎలాగూ వచ్చాం. మీరూ ఒకటి తీయించుకోండి. ఖర్చు నాది.”

ఖర్చు తనది కాదనేసరికి అల్లుడి మొహం చేటంత అయింది. స్టూలెక్కి కూర్చుని, జుట్టు సవరించుకుని, గడ్డం పైకెత్తాడు. ఫొటోగ్రాఫరుకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. చేతులు వాటంతటవే కెమెరా ఎత్తాయి. మామగారు తాపీగా నడిచి వచ్చి, ఆమె చెవి దగ్గరికి వంగారు.

“అదే సైజమ్మా. తేదీ మాత్రం గురువారం వెయ్యి.”