నాలుగో ఫొటో

"గిది సగం కుట్టిందే కదా ఖాలా? మూడో ఫొటోకు గిదే కావాలె" అంటూ వర్ష పెట్టె అడుగు నుంచి దుపట్టా తీసింది. కుట్టుపని నేర్పే పుస్తకం కోసం కోరుట్లలోని ఆ ఇంట్లో పొద్దుటి నుంచి ఒక్కో దశకు ఒక్కో ఫొటో తీస్తోంది.

కుట్లు వేసి చూపిస్తున్న ఖైరున్నీసా తలెత్తి చూసింది.

"నా బిడ్డ తస్లీమాది. అది సచ్చిపోయి మూడేండ్లాయె. సూది గూడ గుచ్చినకాడనే ఉన్నది" అంది, కరెంటు పోయిందని చెప్పినట్టు.

వర్ష దుపట్టాను మళ్లీ మడవబోయింది. "అయ్యో, లోపల పెట్టేస్త."

"ఎందుకు? తియ్యి."

మూడో ఫొటో అయిపోయింది.

"నాలుగో దానికి గదే పూలతీగె మీద ఇంకిన్ని కుట్లు పడాలె ఖాలా" అంది వర్ష మెల్లగా.

ఖైరున్నీసా తుప్పుపట్టిన సూది తీసేసి, కొత్త సూదికి దారం ఎక్కించింది. రెండు కుట్లు వేసి ఆగింది. బిడ్డ కుట్లు ఒకవైపు వాలాయి, తనవి ఇంకోవైపు.

"ఎందుకు కలుస్తలేవు?" అడిగింది వర్ష.

"దానిది ఎడమచెయ్యి. గా చెయ్యి మీద ఎన్నిసార్లు కొట్టిననో."

రెండు కుట్లూ విప్పేసింది. సూదిని ఎడమచేతిలోకి మార్చుకుంది.

"జర ఆగి తియ్యి బిడ్డా. గీ చేత్తోని కుట్టుడు నాకింకా రాదు."