అడుగు పడిన మంచు

మంచుకొండలనేలే తల్లీ! ఈ కథ వినేవారి ఇళ్లలో పొయ్యి ఆరకుండా, పిలిస్తే పలికే మనిషి కరవు కాకుండా చల్లగా కాపాడు.

జపానులోని షిన్షూ కనుమ మీద తెల్లవారుతోంది. ఫోటోగ్రాఫర్లు వరుసగా స్టాండ్లు నిలుపుకుని, శిఖరం మీద పడబోయే తొలి వెలుగు కోసం కాచుకుని ఉన్నారు. ఎదుట మంచు మైదానం. దాని మీద ఒక్క అడుగుజాడైనా లేదు.

వాళ్లందరిలో పెద్దవారైన తొకుజి మాస్టారు ఆలస్యంగా వచ్చారు. ఎప్పుడూ వెంట వచ్చే భార్య లేకుండా, ఒంటరిగా వచ్చారు.

"జాగ్రత్తరోయ్! మంచులో కాలు పెట్టారో, మాస్టారు విరగ్గొడతారు," అన్నాడు వరుసలోని హయామా. అందరూ నవ్వారు. అడుగు పడని మంచు కోసం ఆయన ఏటా చేసే రభస వాళ్లెరిగినదే.

"సుయే అమ్మగారేరీ? ఆవిడ అన్నం ముద్దలు లేకపోతే మా కడుపులు కాలిపోవూ?" అని మళ్లీ హయామాయే అడిగాడు.

"ఇంట్లోనే ఉంది."

వెలుగు శిఖరాన్ని తాకింది. కెమెరాలన్నీ టకటకలాడాయి. మాస్టారు సంచీ విప్పనేలేదు. వెలుగు దిగిపోయేదాకా ఆగి, హయామా దగ్గరకు వచ్చారు.

"ఒరే, నాకో ఫోటో కావాలి. సాయంత్రంలోగా కావాలి. అది నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు."

"మీరు మెచ్చే ఫోటో నేనెప్పుడు తీశాను మహానుభావా!"

"నిరుడు సుయే టీ ఫ్లాస్కు పట్టుకుని మంచుకు అడ్డంగా నడిచిందే, అప్పటిది."

హయామా పకపకా నవ్వాడు. "అదా! కొండ దద్దరిల్లేలా అరిచారుగా మీరు. పాపం, ఆవిడ వెనక్కి తిరిగి, గాజు పగలగొట్టిన పిల్లలా నవ్వింది. సరిగ్గా అప్పుడే నా వేలు కెమెరా బటన్ నొక్కేసింది. పారెయ్యమన్నారు కూడా!"

"పారేశావా?" మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"లేదులెండి. కానీ మంచు నిండా అడుగులే. శిఖరం సగం ఆవిడ వెనకే దాగిపోయింది. ఏ పోటీకి పంపినా నవ్విపోతారు."

"శిఖరం కత్తిరించెయ్. మిగిలింది పెద్దది చేసివ్వు."

వరుసలో అందరూ తలలు తిప్పి చూశారు. శిఖరాన్ని కత్తిరించమన్నది తొకుజి మాస్టారేనా?

"ఇంతకీ ఎందుకండీ?"

మాస్టారు విప్పని సంచీని భుజానికెత్తుకున్నారు.

ఆ రాత్రి సుయే శవపేటిక ముందు నల్ల రిబ్బను చుట్టిన ఫోటో నిలపాలి; కానీ బతికినన్నాళ్లూ "పక్కకు జరుగు" అని ఆయన కసిరిన ఆ ముఖం, ఆయన తీసిన వేల ఫోటోల్లో ఒక్కదానిలోనూ లేదు.