ఎలుగు కొవ్వు

కుందేలు మాంసమంతా ఊడ్చేసి ఇలై మళ్లీ భార్య ఫిలోమెన్ ముందుకు గిన్నె చాచాడు. "ఇంకా ఉందా?"

"అడవిలో కుందేళ్లన్నీ నీ కడుపులోకే దూకుతున్నాయిరా," అంటూ గుడారంలోకి వచ్చిన తల్లి మార్గెట్, కొడుకు చిక్కిపోయిన మణికట్టు పట్టి చూసి నవ్వు ఆపేసింది. "కూరలో కొవ్వు వెయ్యడం లేదా అమ్మాయ్?"

"ఉపవాసాల రోజులు కదా, ఈస్టర్ దాకా ఇంట్లో కొవ్వు మానేస్తామని మొక్కుకున్నానత్తయ్యా," అంది ఫిలోమెన్.

"కుందేలు ఉత్త కండ. కొవ్వు తోడు లేకపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు, ఆకలీ తీరదు. మనవాళ్లు అట్లా తింటూనే చచ్చారు. వీణ్ణి అడిగే మొక్కావా?"

ఫిలోమెన్ భర్త వైపు చూసింది. ఇన్నాళ్లూ అతను మాట్లాడకపోతే ప్రార్థనలో ఉన్నాడనుకుంది; నీరసమని తట్టలేదు.

ఎలుగు కొవ్వు డబ్బా తెచ్చి అతని గిన్నెలో పెద్ద ముద్ద వేసింది.

"మరి నీ మొక్కు?" అన్నాడు ఇలై.

"దేవుడికి నా వాటా ఇస్తే సరిపోయేది. అడక్కుండా నీదీ ఇచ్చేశాను."