పెద్ద తాళాలు

రామభజనలో పెద్ద తాళాలు ఎవరి చేతిలో ఉంటే లోకాధిపత్యం వారిదే. దీవికి స్వాతంత్ర్యం రాబోతున్నా, అందులోని రివియేర్ దు రాంపార్ ఊళ్లో ఆ సింహాసనం అప్పయ్య పాలైంది. పదవీచ్యుతుడైన నరసయ్య, గుండెనొప్పి రాగానే, పగ తీర్చుకునే శుభముహూర్తం ఇదేనని భజన దీపం ముందే కూలాడు.

"నా చావు నీ పాపమే, బావా!"

"అయో, చావవులే! మొన్న డొక్తేర్ ఏమన్నాడు?"

"పెద్ద నాళాల్లో అడ్డేమీ లేదట. నొప్పి మాత్రం నిజమేనట. కోపానికి సన్న నాళాలు బిగుస్తాయట."

అప్పయ్య తాళాలు కిందపెట్టి, జేబులోంచి మాత్రల సీసా తీశాడు.

"నాకూ అదే చెప్పాడు. నిన్ను తలిస్తే చాలు, వస్తుంది. ఇదిగో, నాలుక కింద పెట్టుకో."

శత్రువులిద్దరూ నాలుక కింద మాత్రలతో, తిట్టుకునే వీలు లేక, పక్కపక్కనే కూర్చున్నారు.

తాళాలు నరసయ్య భార్య చెల్లమ్మ అందుకుంది. లయ ఒక్కచోటా తప్పలేదు.